ముట్లుడిగే వయసు: గర్భసంచి తీయించుకునే ముందు చేయాల్సిన పనులు

ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం దాకా ఏ తెలుగింట్లోనైనా నలభై దాటిన ఆడమనిషికి ముట్లు గతి తప్పాయంటే వినిపించే సలహా ఒకటే: "సంచి తీయించేసుకో, పీడా పోతుంది." 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళను అడిగితే, దేశం మొత్తమ్మీద గర్భసంచి తీసేసినవాళ్ళు సుమారు 3 శాతం ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. ఒళ్ళు బాగోలేకపోతే బండెక్కి శ్రీకాకుళమో విజయనగరమో విశాఖపట్నమో వెళ్ళే మనవాళ్ళు ఈ లెక్కను గుర్తుపెట్టుకోవాలి. ఆపరేషన్ అవసరమైనవాళ్ళు ఉన్నారు, కాదనం. కానీ అది చివరి మెట్టు. దానికి ముందు చాలా మెట్లు ఉన్నాయి.

అసలు లోపల జరిగేది

అండాశయాల్లో అండాలు పుట్టుకతో వచ్చినవే, కొత్తవి పుట్టవు. నలభై దాటాక అవి అడుగంటుతూ వస్తాయి. కొన్ని నెలలు అండం విడుదల కాదు. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టిరాన్ తయారవదు. ఆ హార్మోను లేకపోతే గర్భసంచి లోపలి పొర సమయానికి ఊడిపోకుండా మందంగా పేరుకుంటుంది. రెండు నెలలు ముట్టు రాకపోవడం, తర్వాత ఒక్కసారిగా గడ్డలు గడ్డలుగా పోవడం ఇందుకే. చాలామందిలో ఇది సంచి పాడైపోయిందనడానికి గుర్తు కాదు, హార్మోన్లు తడబడుతున్నాయనడానికి గుర్తు.

తర్వాతి దశలో ఈస్ట్రోజన్ అనే ఇంకో హార్మోను తగ్గుతుంది. మెదడులో ఒంటివేడిని సరిచూసే భాగం దాంతో అతిగా స్పందిస్తుంది. కొంచెం వేడి పెరిగినా "ఒళ్ళు కాలిపోతోంది, చల్లార్చు" అని చర్మంలోని రక్తనాళాలను తెరిచేస్తుంది. అవే ఆవిర్లు. రొమ్ముల మధ్య నుంచి మెడ మీదుగా ముఖానికి సెగ ఎగబాకుతుంది, చెవులు ఎర్రబడతాయి, గుండె దడదడలాడుతుంది, జాకెట్టు వీపు తడిసిపోతుంది. రెండు మూడు నిమిషాల్లో అదంతా తగ్గి, తడి బట్ట మీద గాలి తగిలి వణుకు పుడుతుంది. ఇవి కొందరికి రెండు మూడేళ్ళు ఉంటాయి, చాలామందికి ఏడేళ్ళ దాకా సాగుతాయి.

వరుసగా 12 నెలలు ముట్టు రాకపోతేనే ముట్లుడిగినట్టు లెక్క. పదకొండో నెలలో ఒక్కరోజు కనిపించినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. మన దేశంలో ఇది సగటున 46–47 ఏళ్ళకు జరుగుతుంది. 45 లోపు ఆగిపోతే తొందరగా ఆగినట్టు. 40 లోపు ఆగితే మాత్రం "మా అమ్మకీ ఇంతే" అని ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి, ఎందుకంటే ఎముకలూ గుండే అన్నేళ్ళ ముందునుంచే ఈస్ట్రోజన్ లేకుండా గడపాల్సి వస్తుంది.

క్యాలెండరు, పెన్ను

గోడ మీది తెలుగు క్యాలెండరు చాలు. ముట్టు వచ్చిన ప్రతి రోజు చుట్టూ సున్నా చుట్టండి. ఎక్కువ పోయిన రోజున రెండు సున్నాలు. ఆవిర్లు వచ్చిన రోజున "ఆ" అని రాసి, ఎన్నిసార్లో పక్కన అంకె వేయండి. నిద్ర చెడిన రాత్రికి "ని". మూడు నెలలు ఇలా రాస్తే డాక్టరు అడిగే సగం ప్రశ్నలకు జవాబు ఆ కాగితంలోనే ఉంటుంది. "ఎప్పుడూ పోతూనే ఉంటుందండీ" అని చెప్పేదానికీ, "ఈ మూడు నెలల్లో 26 రోజులు పోయింది, అందులో తొమ్మిది రోజులు గడ్డలు పడ్డాయి" అని చెప్పేదానికీ వైద్యమే మారిపోతుంది.

45 దాటి, ముట్లు గతి తప్పి, ఆవిర్లు వస్తున్నవాళ్ళకు హార్మోన్ల రక్తపరీక్ష అక్కర్లేదు. ఆ వయసులో ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాలను పనిచేయించే హార్మోను) ఒక వారం ఎక్కువ, మరో వారం మామూలుగా ఉంటుంది, దాన్నిబట్టి తేలేదేమీ లేదు. 45 లోపు వాళ్ళకే ఆ పరీక్షతో పని. 40 లోపు అయితే నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండుసార్లు చేయిస్తారు.

అన్నిటినీ ఈ వయసు మీదికి తోసేయకండి

మన జిల్లాల్లో ఈ తప్పు ఎక్కువగా జరుగుతుంది. రాత్రి చెమటలు పడుతున్నాయంటే ముందు ఇవి చూసుకోండి.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయ కావచ్చు. కళ్ళె పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. చలి, వణుకు, జ్వరం తర్వాత చెమట పడితే మలేరియా కావచ్చు. రాయగడ, కోరాపుట్, గజపతి ఏజెన్సీ ఊళ్ళలో ఆశా కార్యకర్త దగ్గరే రక్తపుచుక్కతో చేసే పరీక్ష ఉంటుంది. షుగరుకు ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు గానీ తీసుకునేవాళ్ళకు అర్ధరాత్రి చెమట, దడ, ఆకలి కలిసి వస్తే అది షుగరు పడిపోవడం. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకొని తాగి, మర్నాడు డాక్టరుతో మోతాదు మార్పించుకోండి. థైరాయిడ్ ఎక్కువైతే చెమట, దడ, తక్కువైతే నీరసం, అధిక రక్తస్రావం. ఒక్క టీఎస్‌హెచ్ పరీక్షతో తేలిపోతుంది.

ఇక ముట్టు తప్పిందంటే గర్భం కూడా కావచ్చు. పిల్లల ఆపరేషన్ కానివాళ్ళు 50 లోపు ముట్లు ఆగితే చివరి ముట్టు తర్వాత రెండేళ్ళు, 50 దాటాక ఆగితే ఏడాది జాగ్రత్త పడాలి.

ఎక్కువ పోతుంటే మెట్టుమెట్టుగా

ఎక్కువంటే ఎంత? ప్యాడ్ గంట గంటకూ మార్చాల్సి రావడం, రూపాయి బిళ్ళ కంటే పెద్ద గడ్డలు పడడం, ఏడు రోజులు దాటడం, రాత్రి లేచి పక్కబట్ట మార్చడం. వీటిలో ఏది ఉన్నా ఎక్కువే. గుడ్డలు వాడేవాళ్ళు ఎన్ని తడిసిపోయాయో లెక్క చెప్పండి. వరుసగా రెండు మూడు గంటలు అలాగే పోతూ కళ్ళు తిరుగుతుంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

మొదట రక్తం ఎంత ఉందో చూపించండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత. ఐరన్ మాత్ర రోజుకొకటి, నిమ్మరసంతో. టీతో గానీ, కాల్షియం మాత్రతో గానీ వద్దు, ఒంటికి పట్టదు. ఇంట్లో ఎవరికైనా సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు) ఉంటే ముందు ఆ పరీక్ష చేయించుకున్నాకే ఐరన్ మొదలుపెట్టాలి.

తర్వాత స్కానింగు. సంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలు (క్యాన్సర్ కాని కండ గడ్డలు) ఉన్నాయా, లోపలి పొర మందం ఎంత అన్నది అందులో తెలుస్తుంది. రిపోర్టులో "బల్కీ యూటెరస్" అని ఉండడం ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. పిల్లల్ని కన్న చాలామంది సంచి కొంచెం పెద్దగానే ఉంటుంది. సంచి నోటి దగ్గర "పుండు ఉంది, క్యాన్సర్ అవుతుంది" అని చెబితే సంచి నోటి క్యాన్సర్‌ను కనిపెట్టే పాప్ స్మియరో వీఐఏ పరీక్షో చేయమని అడగండి. ఆ ఎర్రదనం చాలాసార్లు ప్రమాదం లేనిది. చిన్న చిన్న ఫైబ్రాయిడ్ గడ్డలు ముట్లుడిగాక వాటంతటవే కుంచించుకుపోతాయి.

45 దాటాక ఇలా పోతుంటే గర్భసంచి లోపలి పొర ముక్క తీసి పరీక్షకు పంపాలి. సన్నని గొట్టంతో, మత్తు లేకుండా, ఓపీలోనే కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. ముట్టునొప్పిలాగా కాసేపు నొప్పి ఉంటుంది. పాప్ స్మియర్ చేయించాం కదా అని దీన్ని వదిలేయకండి. అది సంచి నోటికి, ఇది సంచి లోపలికి.

మందుల్లో మొదటిది ట్రానెక్సామిక్ యాసిడ్. 500 మి.గ్రా. మాత్రలు రెండేసి చొప్పున రోజుకు మూడుసార్లు, ఎక్కువ పోయే రోజుల్లోనే, నాలుగైదు రోజులకు మించకుండా వాడమంటారు. ఇంతకుముందు కాలిలో రక్తం గడ్డకట్టినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు వేసుకోకూడదు. ఇంకొకటి నోరెథిస్టెరోన్, మందుల షాపుల్లో "బ్లీడింగ్ ఆపే మాత్ర" అని అడిగేది ఇదే. దీంతో పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, కోర్సు ఆపాక రెండు నుంచి నాలుగు రోజుల్లో మళ్ళీ ముట్టు వస్తుంది. అది రావాల్సిందే. "మందు పనిచేయలేదు, ఇక ఆపరేషనే గతి" అని చాలామంది అక్కడే తేల్చేసుకుంటారు.

మా లెక్కలో ఈ వయసుకు అన్నిటికంటే మంచి ఉపాయం 52 మి.గ్రా. లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోను ఉన్న, సంచిలో పెట్టే లూప్. మామూలు కాపర్ టీ కాదు, అది రక్తస్రావం పెంచుతుంది. హార్మోను లూప్ లోపలి పొరను పలచబరిచి, కొన్ని నెలల్లో రక్తస్రావాన్ని చాలామటుకు తగ్గించేస్తుంది. కనీసం ఐదేళ్ళు పనిచేస్తుంది, అంటే చాలామంది ముట్లుడిగేదాకా గట్టెక్కిపోతారు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు మాత్రం చుక్కచుక్కగా కనిపిస్తూనే ఉంటుంది. ఆ విసుగులో తీయించేసుకుంటే పెట్టిన డబ్బూ పడిన కష్టమూ వృథా.

ఇవన్నీ చూశాక కూడా తగ్గకపోతే, పెద్ద ఫైబ్రాయిడ్ గడ్డలుంటే, ముక్క పరీక్షలో తేడా వస్తే, అప్పుడు ఆపరేషన్ సరైనదే. ఒప్పుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి: నా జబ్బు పేరేమిటి? ముక్క పరీక్ష ఫలితం ఏమిటి? అండాశయాలు ఉంచుతారా, తీసేస్తారా? మూడోది మరిచిపోకండి. రెండు అండాశయాలూ తీసేస్తే ముట్లుడిగే దశ ఒక్కరోజులో వచ్చి పడుతుంది, ఆవిర్లు మరీ తీవ్రంగా ఉంటాయి. 45 లోపు అలా తీయాల్సి వస్తే, అడ్డంకి ఏదీ లేనివాళ్ళకు మామూలుగా ముట్లుడిగే వయసు దాకా హార్మోను మందు ఇవ్వాలి. ఆవిర్లు పోవాలని సంచి తీయించుకోవడం బొత్తిగా తప్పు. సంచికీ ఆవిర్లకీ సంబంధం లేదు.

ఒడిశా ఆసుపత్రుల్లో సంతకం కాగితం ఒడియాలో ఉండొచ్చు. ఒడియా చదవడం రాకపోతే మీ పిల్లల చేత చదివించుకోండి, వాళ్ళు బడిలో నేర్చుకునే ఉంటారు. "జరాయు" అంటే గర్భసంచి, "డింబాశయ" అంటే అండాశయం. డాక్టరుతో మాట్లాడేటప్పుడు ముట్లను "మాసిక" అనీ, చెమటను "ఝాళ" అనీ అంటే అర్థమవుతుంది. ఇంకో అభిప్రాయం కావాలంటే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కోరాపుట్ మెడికల్ కాలేజీ ఉన్నాయి. అవతల ఆంధ్రకు వెళ్ళేవాళ్ళు మన ఒడిశా ఆరోగ్య కార్డు అక్కడ ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో బయల్దేరే ముందే కనుక్కోండి. ఆంధ్ర ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) అక్కడివాళ్ళకే. పాత స్కానింగులు, ముక్క పరీక్ష కాగితాలు, మందుల పేర్లు అన్నీ ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని వెళ్తే మళ్ళీ మొదటినుంచి డబ్బు తగలేయక్కర్లేదు.

ఆవిర్లకు

ఇంటి పనులతో మొదలుపెట్టండి. పొయ్యి పని పొద్దు ఎక్కకముందే ముగించండి. సాయంత్రం నాలుగు తర్వాత టీ, కాఫీ మానండి. రాత్రి కూరలో కారం తగ్గించండి. పడుకునేటప్పుడు పాత నూలుచీర, తలగడ మీద పొడి తువ్వాలు, చేతికందే దూరంలో చెంబెడు నీళ్ళు. ఆవిరి మొదలవగానే ముంజేతుల మీద, మెడ వెనక తడిగుడ్డ వేసుకోండి. బరువు ఎక్కువున్నవాళ్ళు నాలుగైదు కిలోలు తగ్గితే ఆవిర్లూ తగ్గుతాయి.

పొగాకు ఏ రూపంలో ఉన్నా మానాలి. అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే పెద్దవాళ్ళు ఇంకా మన ఊళ్ళలో ఉన్నారు, గుడాకుతో (పొగాకు ముద్దతో) పళ్ళు తోముకునేవాళ్ళు ఇంకా ఎక్కువ. చుట్ట తాగేవాళ్ళకు ముట్లు ఏడాది రెండేళ్ళు ముందే ఆగుతాయి, ఆవిర్లూ ఎక్కువే. పైగా హార్మోను మాత్రలతో కలిస్తే రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది.

ఇవన్నీ చేసినా రోజుకు ఏడెనిమిదిసార్లు ఆవిర్లు వస్తూ, రాత్రి నిద్ర లేకుండా పోతుంటే బాధ ఓర్చుకోవాల్సిన పనిలేదు. అన్నిటికంటే బాగా పనిచేసేది హార్మోను వైద్యమే. 60 లోపు వాళ్ళకు, లేదా ముట్లుడిగి పదేళ్ళు కానివాళ్ళకు ఇది తగినది. ఈస్ట్రడయోల్ (ఈస్ట్రోజన్‌లో ఒక రకం) మాత్ర రోజుకు 1 మి.గ్రా. నుంచి మొదలుపెడతారు, లేదా చర్మానికి రాసే జెల్. బీపీ, షుగరు, ఊబకాయం ఉన్నవాళ్ళకు జెల్ మేలు. అది కాలేయం మీదుగా పోదు కాబట్టి రక్తం గడ్డకట్టే ముప్పు పెంచదు. చేతికి గానీ తొడకు గానీ రాసి, ఆరాకే చీర కప్పుకోండి. రొమ్ముల మీద రాయకూడదు. రాసిన చోట కాసేపు పసిపిల్లల్ని ఎత్తుకోకూడదు.

గర్భసంచి ఉన్నవాళ్ళు ఈస్ట్రోజన్ ఒక్కటే ఎప్పుడూ వాడకూడదు. లోపలి పొర పెరిగిపోయి క్యాన్సర్ దాకా పోవచ్చు. జతగా మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరాన్ ఉండాలి. రోజూ అయితే 100 మి.గ్రా., నెలకు 12 నుంచి 14 రోజులైతే 200 మి.గ్రా., రాత్రి పడుకునే ముందు, ఎందుకంటే మగత వస్తుంది. పైన చెప్పిన హార్మోను లూప్ ఉంటే ఈ మాత్రకు బదులు అదే సరిపోతుంది. రెండు నుంచి నాలుగు వారాల్లో ఆవిర్లు తగ్గడం మొదలవుతుంది, మూడు నెలలకు గానీ పూర్తి ఫలితం తెలియదు.

రొమ్ము క్యాన్సర్ భయం 2002లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనంతో మొదలైంది. అందులోని ఆడవాళ్ళ సగటు వయసు 63. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ రెండూ కలిపి వాడినవాళ్ళలో ఏడాదికి పదివేల మందిలో సుమారు 8 మందికి అదనంగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ముప్పు ఉంది, కానీ ఊళ్ళో చెప్పుకునేంత లేదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, పక్షవాతం, గుండెపోటు, కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తపు గడ్డ వచ్చినవాళ్ళు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్ళు మాత్రం హార్మోన్ల జోలికి పోకూడదు.

వాళ్ళకు వేరే మందులున్నాయి. వెన్లాఫాక్సిన్ 37.5 మి.గ్రా. నుంచి, లేదా రాత్రిపూట గాబాపెంటిన్ 300 మి.గ్రా. మొదటిది దిగులు తగ్గించే మందుల జాతిది. చీటీ చూసి "నాకు పిచ్చి మందు రాశారు" అని పారేయకండి, ఆవిర్లకు చిన్న మోతాదులోనే పనిచేస్తుంది. అలాగని ఒక్కసారిగా ఆపనూ కూడదు. రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ వాడేవాళ్ళకు దిగులు మందుల్లోదే అయిన పారోక్సెటిన్ మాత్రం పనికిరాదు, అది టామోక్సిఫెన్ పనిని చెడగొడుతుంది. సంతలో అమ్మే పేరులేని చూర్ణాలు వద్దు. వాటిలో సీసం, పాదరసం ఉండే ప్రమాదం ఉంది.

చెప్పుకోలేని చోట

ఆవిర్లు కొన్నేళ్ళకు పోతాయి. యోని పొడిబారడం మాత్రం వదిలేస్తే ఏళ్ళు గడిచేకొద్దీ పెరుగుతుంది. కలయికలో మంట, తరచూ మూత్రంలో ఇన్‌ఫెక్షన్, దగ్గితే తుమ్మితే చుక్క పడడం అన్నీ దీని పిల్లలే. సబ్బుతో, డెటాల్‌తో లోపల కడగకండి, ఉత్త నీళ్ళు చాలు. కలయికప్పుడు నీళ్ళ ఆధారంగా చేసిన జెల్లీ వాడండి. కొబ్బరినూనె కూడా పనికొస్తుంది గానీ నిరోధ్‌ను చీల్చేస్తుంది. ఎస్ట్రియోల్ (ఇదీ ఈస్ట్రోజన్‌లో ఒక రకం) క్రీమును రెండు మూడు వారాలు రోజూ రాత్రి, ఆపైన వారానికి రెండుసార్లు లోపల పెట్టుకుంటే లోపలి చర్మం మళ్ళీ మెత్తబడుతుంది. రక్తంలోకి చాలా కొద్దిగానే పోతుంది కాబట్టి దీనికి ప్రొజెస్టిరాన్ జత అక్కర్లేదు. బాగైంది కదా అని ఆపితే కొన్ని వారాల్లో పొడి మళ్ళీ వస్తుంది.

చుక్క పడేవాళ్ళు మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాన్నే బిగించి ఐదు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు ఒక వరుస, రోజుకు మూడు వరుసలు. నెమ్మదిగా పది లెక్క దాకా పెంచండి. మూడు నెలలు చేస్తే గానీ తేడా తెలియదు. మూత్రం పోస్తూ ఈ సాధన చేయకూడదు.

కోపం, ఏడుపు, మతిమరుపు ఈ దశలో మామూలే, చాలావరకు నిద్ర కుదిరితే సర్దుకుంటాయి. రెండు వారాలు దేనిమీదా మనసు నిలవకపోతే, లేదా ఎప్పుడైనా చావాలనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలీ మానస్ లైను అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఎముకలకు రోజుకింత

ముట్లుడిగిన మొదటి ఐదేళ్ళలో ఎముక వేగంగా కరుగుతుంది. రోజుకు 1000 నుంచి 1200 మి.గ్రా. కాల్షియం కావాలి. మన వంటింట్లోనే లెక్క వేసుకుందాం. రెండు గ్లాసుల పాలో పెరుగో 480, రెండు గుప్పెళ్ళ చోడిపిండి, అంటే 60 గ్రాములతో అంబలి 210, పొట్టు తీయని నువ్వులు రెండు మూడు చెంచాలు 120, గుప్పెడు మునగాకు కూర 150. మిగతాది పప్పు, ఆకుకూరలు, ముల్లుతో తినే నెత్తళ్ళు పూడుస్తాయి. మన ఒడియా పొరుగువాళ్ళు మండియా అనేది ఈ చోళ్ళనే. వరి అన్నానికి అలవాటుపడ్డ ఇళ్ళలో అంబలిని వెనక్కి నెట్టేశారు, దాన్ని తిరిగి తెచ్చుకోండి.

తిండితో చాలనివాళ్ళకు 500 మి.గ్రా. కాల్షియం మాత్ర, భోజనం తర్వాత. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. విటమిన్ డి తక్కువైతే 60,000 యూనిట్లది వారానికొకటి, ఎనిమిది వారాలు వేసుకుని, తర్వాత నెలకొకటికి దించాలి. చీటీలో వారాలు రాసి ఉన్నా నెలల తరబడి వారానికొకటి వేసుకుంటూపోతే దాహం, వాంతులు, మలబద్ధకం, కిడ్నీలో రాళ్ళు వస్తాయి. రోజూ అరగంట వేగంగా నడవండి. కూర్చుని లేవడం, బిందె ఎత్తడం లాంటి బరువు పనులు మానకండి, ఎముకకు కావాల్సింది అవే.

ఏడాది నిండాక

పన్నెండు నెలల లెక్క పూర్తయిన రోజు క్యాలెండరు మీద పెద్ద గీత గీయండి. ఆ గీత తర్వాత కనిపించే రక్తం ముట్టు కాదు. ఒక్క చుక్కైనా, గులాబీ మరకైనా, ఒక్కరోజే కనిపించి ఆగిపోయినా సరే. "మళ్ళీ ముట్టు తిరిగొచ్చింది, ఒంట్లో వేడి పోయింది" అని మురిసిపోయేవాళ్ళున్నారు. దాన్ని గర్భసంచి క్యాన్సర్ కాదని తేలేదాకా అనుమానించాల్సిందే. చాలామందిలో లోపలి చర్మం పలచబడడమే కారణంగా తేలుతుంది, కానీ పరీక్ష లేకుండా ఆ సంగతి చెప్పలేం. లోపలినుంచి చేసే స్కానింగులో పొర మందం 4 మి.మీ. దాటితే ముక్క తీసి పరీక్షిస్తారు. 4 లోపున్నా మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంటే ముక్క తీయాల్సిందే. పొదుపు సంఘం మీటింగనో, మనవరాలి ఓణీల ఫంక్షననో వాయిదా వేయకుండా అదే వారంలో వెళ్ళండి. ఆ గీత గీసిన క్యాలెండరును కూడా వెంట తీసుకెళ్ళండి.